కుక్క పేరున ఆస్తి రాయొచ్చా? బెజవాడలో ఒక వీలునామా కేసు

నా ప్రాక్టీసు విజయవాడలో. ఎక్కువగా పంపకాలు, వీలునామాలు, గిఫ్టు దస్తావేజులు, వాటి మీద వచ్చే దావాలు. జంతువుల హక్కుల కోసం వాదించే లాయర్ని కాను. కానీ మనిషికీ జంతువుకీ మధ్య చట్టం గీసిన గీత ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తగా ఉందో ఒక వీలునామా ముసాయిదా నాకు క్లాజు క్లాజుకీ చూపించింది. జూనియర్లకు పనికొస్తుందని ఇప్పుడు రాసిపెడుతున్నాను. క్లయింటు కుటుంబానికి చెప్పే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

క్లయింటు డెబ్భై దాటిన ఆవిడ. భర్త ప్రభుత్వోద్యోగి, రిటైరైన కొన్నేళ్ళకు పోయారు. సత్యనారాయణపురం వైపు పాత డాబా ఇల్లు, బ్యాంకులో డిపాజిట్లు, కొంత బంగారం, ఫ్యామిలీ పెన్షను. కొడుకు అమెరికాలో, కూతురు హైదరాబాదులో. ఇంట్లో ఆవిడతో పాటు ఉండేవి ఆరేళ్ళ నాటు ఆడకుక్క, పంజరంలో ఒక రామచిలక. పొద్దున వచ్చి చీకటి పడ్డాక వెళ్ళే పనావిడ ఉంది. కుక్కపిల్లను వానాకాలంలో ఏలూరు కాలవ గట్టున దొరికితే భర్తే చొక్కాలో చుట్టుకుని తెచ్చారట. ఆయన పోయాక అది ఆవిడ మంచం కిందే పడుకుంటోంది.

ఆవిడ అడిగిందాంట్లో డొంకతిరుగుడు ఏమీ లేదు. "ఇల్లు పిల్లలిద్దరికీ సమానంగా రాయండి. బ్యాంకులో ఉన్నదాంట్లో పది లక్షలు దీని పేరున రాయండి. నేను పోయిన మర్నాడు మావాడు ఇల్లు బేరం పెడతాడు. కొనేవాడు ఇంటితో పాటు కుక్కను కొనడుగా. గేటు తీసి బయటికి తోలేస్తారు నాయనా."

కుక్క పేరున ఆస్తి రాయడం చెల్లదని చెప్పాను. అప్పుడు ఆవిడ సంచీలోంచి ఒక కాయితం తీసింది. తెనాలి పక్క పల్లెటూళ్ళో అత్తగారి తరఫు పొలానికి సంబంధించిన పాత అడంగల్ (పొలం వివరాలుండే రెవెన్యూ రికార్డు) నకలు. ఎకరంన్నర మాగాణి. పట్టాదారు గడిలో 'శ్రీ కోదండరామస్వామి వారు' అని ఉంది. "మా అత్తగారు రాముడికి రాసింది. ఆయనేమన్నా వచ్చి వేలిముద్ర వేశాడా? ఇన్నేళ్ళయినా పొలం ఆయన పేరునే ఉంది. రాతి విగ్రహానికి పట్టా ఇచ్చిన గవర్నమెంటు, ఆకలేస్తే అరిచే ప్రాణికి ఎందుకివ్వదు?"

ముప్ఫయ్యేళ్ళుగా దేవాదాయ భూముల దావాలు చూస్తున్నాను. ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆటోనగర్‌లో ఇద్దరు బావమరుదులు కలిసి పెట్టిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కూడా పాన్ కార్డు వస్తుంది, అది ఇంకొకరి మీద దావా వేస్తుంది. దానికీ ప్రాణం లేదు. అంచేత ఆవిడ ప్రశ్నను నవ్వి తోసేయడం కుదరలేదు. ముసాయిదాలో ఏ దారి పట్టాలన్నా ముందు దీనికి జవాబు తేలాలి.

రాముడికి ఉన్నది, కుక్కకు లేనిది

1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం రెండో సెక్షన్‌లోనే జంతువు అంటే ఏమిటో చెప్పింది: మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవి అయినా. పాత ఐపీసీ 47వ సెక్షన్‌లోనూ ఇదే మాట. ఏనుగు, చీమ, చింపాంజీ అన్నీ ఒక గాటన కట్టి, మనిషిని ఒక్కణ్ణీ వేరే పెట్టారు. తెలివి, నొప్పి, ప్రేమ, ఇవేవీ ఆ నిర్వచనంలో లెక్కలోకి రావు. పెంపుడు జంతువు యజమాని సొత్తు. సొత్తుకు సొత్తు సంక్రమించదు. టీవీ పేరున ఫ్రిజ్ రాసివ్వలేం, అంతే సంగతి.

మరి విగ్రహం? దేవుడు ఆస్తి కలిగి ఉండగలడని, ఆయన తరఫున దావా వేయొచ్చని మన కోర్టులు ఎప్పటినుంచో ఒప్పుకుంటున్నాయి. 1925లో కలకత్తా కుటుంబం ఒకటి విగ్రహం ఎవరింట్లో ఉండాలని కొట్టుకుంటే, బ్రిటిష్ హయాంలో మనకు పై కోర్టయిన ప్రివీ కౌన్సిల్ ఆ విగ్రహం ఇష్టాన్ని కూడా దాని తరఫున ఒక సంరక్షకుడి ద్వారా వినాలని చెప్పింది. అయితే ఆ వ్యక్తిత్వం చట్టం ఇస్తున్నది రాయికి కాదని, దాత పెట్టుకున్న ధర్మ సంకల్పానికని 2019 నాటి అయోధ్య తీర్పులో సుప్రీంకోర్టు వివరంగా రాసింది. దాత పోయినా ఆయన సంకల్పం నిలవాలి, దాన్ని నిలబెట్టడానికి ఎవరో ఒకరు కోర్టులో నిలబడగలగాలి. దేవుణ్ణి ఎప్పటికీ మైనరుగా చూసేది అందుకే. ఆయన తరఫున అర్చకుడో ధర్మకర్తో దేవాదాయ శాఖో మాట్లాడాలి.

ఇది చదివి చెప్పాక ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే రాముడి పేరున ఉన్నది మా అత్తగారి మాటేనన్నమాట" అంది. నేను నాలుగు పేరాల్లో చెప్పింది ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పేసింది. కేసు మలుపు తిరిగింది కూడా అక్కడే. కుక్కను వ్యక్తిని చేయాలన్న పట్టు వదిలి, తన మాట నిలిచే దారి వెతకడానికి ఒప్పుకుంది.

హైకోర్టు తీర్పు ఉందిగా?

ఈలోగా అమెరికా మనవడు నానమ్మకు ఒక వార్త పంపాడు. 2018 జులైలో ఉత్తరాఖండ్ హైకోర్టు జంతులోకం మొత్తాన్నీ చట్టరీత్యా వ్యక్తులుగా ప్రకటించింది, పౌరులే వాటికి తల్లిదండ్రుల స్థానంలో ఉండాలంది. మరుసటి ఏడాది పంజాబ్-హర్యానా హైకోర్టు కూడా అలాంటి తీర్పే ఇచ్చింది. రెంటినీ రాసింది ఒకే న్యాయమూర్తి. "చూడండి, రాయొచ్చటగా" అని ఆవిడ ఫోను నా ముందు పెట్టింది.

దీని మీద ఆధారపడి ముసాయిదా రాయనని చెప్పాను. ఎందుకో చెప్పాలి. మొదటిది, వేరే రాష్ట్రపు హైకోర్టు తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. వాదనకు పనికొస్తుంది, భరోసాకు పనికిరాదు. రెండోది ఇంకా ముఖ్యం. 2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం జంతువులకూ గౌరవంగా బతికే హక్కు ఉందని, రాజ్యాంగం 21వ అధికరణంలోని 'జీవితం' అన్న మాటలో జంతు జీవమూ కలుస్తుందని చాలా దూరం వెళ్ళింది. 2023 మే 18న అదే వివాదం అయిదుగురి ధర్మాసనం ముందుకొచ్చినప్పుడు, రాజ్యాంగం జంతువులకు ప్రాథమిక హక్కులను గుర్తించిందనడానికి ముందు తీర్పేదీ లేదని, ఆ పని కోర్టు చేయడం తగదని తేల్చేశారు. ఈ పరిస్థితిలో కుక్కను లబ్ధిదారుగా రాస్తే, ఆ క్లాజు పడిపోతే, పది లక్షలూ మిగతా ఆస్తితో కలిసి ఆవిడ ఎవరి గురించి భయపడుతోందో వాళ్ళకే చేరతాయి.

నా సొంత అభిప్రాయం అడిగితే 2014 తీర్పు వైపే మొగ్గుతాను. కానీ క్లయింటు డబ్బుతో నా అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టడం నా పని కాదు. బయట దేశాల్లోనూ ఈ గీత కదిలీ కదలనట్టే ఉంది. అర్జెంటీనాలో 2016లో సెసీలియా అనే చింపాంజీని జూ నుంచి విడిపించమని హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని కోరే పిటిషన్) కింద తీర్పు వచ్చింది. న్యూయార్క్‌లో హ్యాపీ అనే ఏనుగు కోసం వేసిన అలాంటి పిటిషన్‌నే అక్కడి అత్యున్నత కోర్టు 2022లో అయిదుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా కొట్టేసింది.

ట్రస్టు, ఆశ్రమం, కొడుకు

తర్వాత చూసింది ప్రైవేటు ట్రస్టు. పది లక్షలు ట్రస్టీ చేతిలో పెట్టి, కుక్క కోసం ఖర్చుపెట్టమని రాయడం. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ పెంపుడు జంతువుల ట్రస్టుకు చట్టం ఉంది. మనకు లేదు. మన 1882 ట్రస్టుల చట్టం తొమ్మిదో సెక్షన్, ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి ఎవరైనా లబ్ధిదారు కావచ్చంటుంది. కుక్కకు ఆ అర్హత లేదు. సాంకేతికత పక్కన పెట్టినా ఆచరణలో పెద్ద లోటుంది: ట్రస్టీ డబ్బు తినేసి కుక్కను వీధిలో వదిలేస్తే కోర్టుకొచ్చి లెక్క అడిగే హక్కు ఎవరికి? లబ్ధిదారైన కుక్క అడగడం కుదరదు, మిగతావాళ్ళకు సంబంధం లేదు. ఇంకో చిక్కు, ఆస్తిని ఎంతకాలం కట్టిపెట్టవచ్చో చెప్పే వారసత్వ చట్టం 114వ సెక్షన్ మనుషుల ఆయుష్షుతో కొలుస్తుంది. కుక్క ఆయుష్షు కొలబద్దగా పనికిరాదు. ట్రస్టును అలా రాయడం మానేశాం.

జంతు సంరక్షణ ఆశ్రమానికి డబ్బు, కుక్క రెండూ ఇచ్చేయడం ఇంకో ఆలోచన. జంతువుల మేలు కోసం సాధారణంగా ఇచ్చే దానం ధర్మకార్యంగా చెల్లుతుంది కాబట్టి చట్టపరంగా ఇదే తేలిక. నిర్వాహకులు నిజాయితీగా మాట్లాడారు. విరాళం తీసుకుంటాం, కుక్కను తీసుకుంటాం, కానీ ఆ డబ్బు ఆ ఒక్క కుక్కకే ఖర్చుపెడతామని రాసివ్వలేం అన్నారు. వాళ్ళ దగ్గర కాళ్ళు విరిగినవి, పార్వో వైరస్ సోకి వచ్చినవి బారులు తీరి ఉన్నాయి. వాళ్ళది తప్పనను. మంచం మీద మనిషి చేత ముద్దలు కలిపి పెట్టించుకున్న కుక్క ఆ షెడ్డులో ఉండలేదని ఆవిడ భయం. అదీ తప్పనను.

కొడుక్కి డబ్బు రాసి, కుక్కను చూసుకోమని కోరుతూ ఒక వాక్యం జోడించవచ్చని మా గుమాస్తా అన్నాడు. కోరిక కోరికగానే ఉంటుంది. 'చూసుకోవలసిందిగా ఆశిస్తున్నాను' లాంటి మాటలు ఎవరినీ కోర్టుకు లాగలేవు.

మధ్యలో చిలక సంగతి. చిలకను కూడా వీలునామాలో చేర్చమంది. రామచిలక వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత పక్షి. పంజరంలో పెంచడమే నేరం. చట్టానికి విరుద్ధంగా పెంచిన వన్యప్రాణి 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సొత్తు. అది ఆవిడది కానేకాదు కాబట్టి ఎవరికీ రాయడం కుదరదు. రిజిస్టరు దస్తావేజులో రాస్తే నేరం ఒప్పుకున్నట్టే. ఇంద్రకీలాద్రి దారిలో చిలక జోస్యం చూసి పెరిగిన మనిషికి ఇది నమ్మబుద్ధి కాలేదు. చివరికి తనే ఉత్తరం రాసి అటవీ శాఖకు అప్పగించింది. రెక్కలు కత్తిరించిన పక్షిని ఊరికే గాల్లోకి వదిలితే కాకులు పొడిచి చంపుతాయి, ఆ పని మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పాను.

ఒకే ఇంట్లో రెండు ప్రాణులు. ఒకటి ఆవిడ సొత్తు, ఇంకోటి సర్కారు సొత్తు. నిజానికి దీనివల్లే నాకు దారి కనపడింది. కుక్క ఆవిడ సొత్తు కావడం ఇప్పటిదాకా అడ్డుగోడలా చూస్తున్నాం. కానీ సొత్తు కాబట్టే అది ఎవరి చేతికి వెళ్ళాలో తేల్చే అధికారం పూర్తిగా ఆవిడది. వీలునామాలో కుక్క ప్రస్తావన లేకపోతే మంచం, బీరువాతో పాటు అది పిల్లల వాటాలోకి పోతుంది. రాస్తే ఆవిడ చెప్పిన మనిషికే పోతుంది. పైగా యజమాని అయిన మరుక్షణం ఆ మనిషి మీద 1960 చట్టం మూడో సెక్షన్ బాధ్యత పడుతుంది. తిండి, నీడ ఇవ్వకపోవడం, ఆకలితో అలమటించేలా వదిలేయడం 11వ సెక్షన్ కింద నేరం. మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాలుగా అదే అంకె. అంచేత శిక్ష భయం మీద లెక్కలు వేసుకోలేదు. కుక్కకు హక్కు ఇవ్వడం కుదరకపోతే మనిషికి బాధ్యత కట్టాలి, ఆ బాధ్యత నెరవేరితే లాభం ఉండాలి. వీలునామా అంతా ఆ వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.

పనావిడ ఏమంది

కుక్కను ఎవరికివ్వాలన్నది ఆవిడకు ముందే తెలుసు. పనావిడకు. భర్త లేని మనిషి, ఇంటర్ చదివే కొడుకు, సింగ్‌నగర్‌లో అద్దె గది. కుక్కకు రోజూ అన్నం కలిపేది ఆమే.

క్లయింటు చెప్పగా రాసిన మొదటి షరతులు ఇలా ఉన్నాయి: నెలకు ఆరు వేలు, చికెను, బియ్యం, మందుల బిల్లులు ప్రతి నెలా ఎగ్జిక్యూటర్‌కు (వీలునామా అమలు చేసే మనిషికి) చూపించాలి, మిగిలితే వెనక్కివ్వాలి. సంతకాలకు ముందే ఆమెను పిలిచి చదివి వినిపించమని నేను పట్టుబట్టాను. తెలియకుండా నెత్తిన పెట్టిన బాధ్యత నిలవదు.

విని ఆమె కింద చూస్తూ అంది: "అమ్మగారూ, మీరుంటే ఊరికే చూస్తాను. కానీ కుక్కకి ఆరు వేలు పెట్టి, మిగిలిన పది రూపాయలకి నేను లెక్క చెప్పాలంటే... మావాడి ఫీజు కట్టలేకుండా దానికి చికెను వండుతుంటే నా మనసెట్లా ఉంటుందండీ?"

గదిలో ఎవరం మాట్లాడలేదు. మనిషికీ జంతువుకీ మధ్య గీత గురించి ఎన్ని తీర్పులు చదివినా ఈ ప్రశ్న వాటిలో రాదు. కుక్క మీద దయను ఆ మనిషికి అవమానం కాకుండా రాయాలి. క్లయింటు నొచ్చుకుంది, కానీ అర్థం చేసుకుంది. అక్కడ రెండు మార్పులు చేశాం. పనావిడకు లక్షన్నర ఏ షరతూ లేకుండా, ఇన్నేళ్ళ సేవకు, విడిగా. కుక్కకూ దీనికీ లంకె లేదు. ఆమె కుక్కను వద్దన్నా ఆ డబ్బు ఆమెదే. రెండోది, బిల్లులు తీసేశాం. నెలకు నికరంగా ఇంత అని ఆమెకు వస్తుంది, ఎలా ఖర్చుపెట్టినా ఆమె ఇష్టం. చూసేది కుక్క ఎలా ఉందన్నదే: ఏడాదికోసారి పశువైద్యుడి పరీక్ష, బరువు, రేబిస్ టీకా కార్డు. బిల్లు దొంగది పుట్టించొచ్చు, ఎండిన డొక్కల్ని దాచలేం.

చావు ఎవరికి లాభం

డబ్బు ఎగ్జిక్యూటర్ దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, పనావిడ లబ్ధిదారుగా ట్రస్టు కింద ఉంటుంది. లబ్ధిదారు మనిషే కాబట్టి డబ్బు రాకపోతే కోర్టుకు వెళ్ళే హక్కున్న మనిషి ఉన్నట్టే. షరతు: కుక్క బతికి, ఆమె సంరక్షణలో ఉన్నంతకాలం నెలనెలా సొమ్ము. కుక్క సహజంగా పోయాక మిగిలింది ఎవరికి?

మిగిలింది పనావిడకే ఇవ్వమని క్లయింటు మొదటి ఆలోచన. ఆమె మంచిదే, కానీ వీలునామా రాసేటప్పుడు మనుషుల మంచితనాన్ని బట్టి కాకుండా వాళ్ళకు వచ్చే ఇబ్బందుల్ని బట్టి రాయాలి. కొడుకు ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన రోజు, కుక్క పోతే ఏడెనిమిది లక్షలు చేతికొస్తాయన్న ఆలోచన ఆ ఇంట్లో ఉండకూడదు. గొలుసు పట్టుకున్న చేతికి మిగులు ఇవ్వకూడదు. పిల్లలకు ఇస్తే కుక్క తొందరగా పోవాలని వాళ్ళకుంటుంది, కానీ వాళ్ళ చేతిలో కుక్క లేదు. అది ఫరవాలేదు. చివరికి మిగులు ఆ ఆశ్రమానికి రాసి, ఏడాదికోసారి వచ్చి కుక్కను చూసే హక్కు వాళ్ళకిచ్చాం. కన్ను వాళ్ళది, చెయ్యి ఈమెది.

ఇప్పుడు ఎదురు ప్రమాదం చూడాలి. కుక్క బతికున్నంతకాలం డబ్బొస్తే, కుక్క చచ్చిపోకుండానే ఉండొచ్చు! గోధుమరంగు నాటుకుక్కలు మన వీధి వీధికీ ఉన్నాయి. ఒకటి పోతే ఇంకోటి తెచ్చి కడితే ఎగ్జిక్యూటర్ ఏం గుర్తుపడతాడు? అందుకని సంతకాలకు ముందే మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్ వేయించాం. బియ్యపు గింజంత ఉంటుంది. స్కానరు పెడితే పదిహేను అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు, చెవి మీది మచ్చ, ఫొటోలు అన్నీ వీలునామా షెడ్యూల్లో పెట్టాం. భూమికి సర్వే నంబరు, హద్దులు రాసినట్టే రాశాం.

మొత్తం ఎంతుండాలన్నది కూడా ఆలోచించి తగ్గించాం. అమెరికాలో లియోనా హెల్మ్‌స్లీ 2007లో పోతూ తన కుక్కకు కోటీ ఇరవై లక్షల డాలర్ల ట్రస్టు రాస్తే, జడ్జి దాన్ని ఇరవై లక్షలకు కోసేశారు. మన దగ్గర ప్రమాదం ఇంకో రూపంలో ఉంటుంది. కుక్కకు ఆస్తి రాసిందంటేనే మతి చలించిందనడానికి సాక్ష్యంగా చూపిస్తారు. వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించే భారం వీలునామా చూపించేవాళ్ళదేనని 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పది లక్షలను ఎనిమిదికి దించాం. ఇల్లు, బంగారం పిల్లలకు సమానంగా వెళ్ళేట్టు ముందు క్లాజుల్లోనే రాశాం. ఆవిడకు ఏళ్ళ తరబడి బీపీ మందులు రాస్తున్న డాక్టరు చేత మానసిక స్థితి సర్టిఫికెట్ అదే రోజు తీసుకున్నాం. వారసత్వ చట్టం 63వ సెక్షన్ కోరే ఇద్దరు సాక్షుల్లో ఒకరు ఆ డాక్టరే. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించాం. కుక్కకు ఎందుకు రాస్తున్నానో ఆవిడ మాటల్లోనే ఒక పేరా పెట్టించాను. దస్తావేజు భాషలోకి మార్చనివ్వలేదు.

చివరి ఇంజక్షన్ క్లాజు

మిగిలింది ఒక్కటే క్లాజు. కుక్క నయం కాని జబ్బుతో బాధపడుతుంటే ఎవరు నిర్ణయించాలి? పనావిడ ఒక్కతే నిర్ణయిస్తే అనుమానాలొస్తాయి, ఎవరూ నిర్ణయించకపోతే కుక్క నరకం పడుతుంది. పశువైద్యుడు ఇక నయం కాదని, బాధ భరించలేనిదని రాతపూర్వకంగా చెప్పి, పనావిడ, ఎగ్జిక్యూటర్ ఇద్దరూ ఒప్పుకుంటే ఇంజక్షన్ ఇవ్వొచ్చని రాశాను.

చదివి వినిపిస్తుంటే ఆవిడ ఆపమంది. భర్త చివరి మూడు వారాలు ఐసీయూలో, గొంతులో గొట్టంతో ఉన్నారు. తీసేయమని అడగొచ్చో లేదో తెలియక, అడిగితే చంపేసిందంటారేమోనని ఊరుకుందట. "ఆయనకి దొరకంది దీనికి దొరుకుతుందన్నమాట" అంది.

ఇక్కడ గీత తలకిందులవుతుంది. జంతువు ప్రాణం తక్కువ అనుకునే చట్టమే దాని బాధకు తొందరగా ముగింపు ఒప్పుకుంటుంది. మనిషికి ప్రాణం తీసే ఇంజక్షన్ మన దేశంలో నేరమే. వైద్యం ఆపడానికి మాత్రం 2018 మార్చిలో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది. ముందుగానే వైద్య ఆదేశపత్రం రాసుకోవచ్చు. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేశారు. మేజిస్ట్రేటు దాకా వెళ్ళక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి దగ్గర ధృవీకరించుకుంటే చాలు. ఆ మాట చెప్పగానే తనకూ ఒకటి రాయమంది. కుక్క కోసం వచ్చిన మనిషి తన చావు గురించి కూడా రాసుకుని వెళ్ళింది. ఆ పత్రంలో కూతుర్ని నిర్ణయకర్తగా పెట్టుకుంది, కొడుకుని కాదు. కారణం నేనడగలేదు.

తర్వాత

ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆదేశపత్రం అవసరం పడలేదు, నిద్రలోనే వెళ్ళిపోయారు. కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి, "అమ్మకి అప్పుడు బుర్ర సరిగానే పనిచేసిందాండీ?" అని అడిగాడు. డాక్టరు సర్టిఫికెట్, ఆవిడ మాటల్లోని పేరా స్కాన్ చేసి పంపాను. ఆ పేరాలో కాలవ గట్టు, తండ్రి చొక్కా ఉన్నాయి. మళ్ళీ ఫోన్ రాలేదు. ఇల్లు అమ్మకం మీద పిల్లలిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు, అది వేరే లాయరు చూస్తున్నారు.

ఇలాంటి వీలునామాలు అడిగేవాళ్ళు ఇప్పుడు నెమ్మదిగా పెరుగుతున్నారు, ముఖ్యంగా పిల్లలు దూరంగా ఉన్న ఇళ్ళ నుంచి. ఈ మూసనే అందరికీ అతికించొద్దని జూనియర్లకు చెబుతున్నాను. ఆ పనావిడ లాంటి మనిషి లేకపోతే ఈ నిర్మాణమంతా కాయితం మీదే నిలుస్తుంది. చేయాల్సిన మొదటి పని చట్టం వెతకడం కాదు, కుక్క ఎవరి చేతి ముద్ద తింటోందో కనుక్కుని ఆ మనిషిని పిలిచి మాట్లాడటం. రెండో సంరక్షకుడి పేరు కూడా రాయాలి. మొదటి మనిషి సొంతూరు వెళ్ళిపోవచ్చు, జబ్బు పడవచ్చు. అద్దె ఇంటివాళ్ళు కుక్కకు ఒప్పుకుంటారా అన్నది కూడా సంతకాలకు ముందే అడగాలి. ఈ కేసులో ఇంటాయన ఒప్పుకోలేదు, పనావిడ నందమూరి నగర్ వైపు కొంచెం ఎక్కువ అద్దెకు మారింది. నెలనెలా ఇచ్చే సొమ్ములో ఆ తేడా ముందే కలిపాం.

మొదటి వార్షిక పరీక్ష అయింది. స్కానరులో నంబరు సరిపోయింది, టీకా వేశారు. బరువు పంతొమ్మిది కిలోల నుంచి ఇరవై మూడుకు పెరిగిందని, తగ్గించకపోతే కీళ్ళకు దెబ్బని డాక్టరు రాశారు. ఎగ్జిక్యూటర్ ఆ రిపోర్టు నాకు పంపి, ఇది 'తగిన ఆహారం' షరతును ఉల్లంఘించినట్టవుతుందా అని సీరియస్‌గా అడిగారు. కాదని జవాబిచ్చాను. ఆదివారం బిర్యానీ మాత్రం మానిపించమని పనావిడకు ఫోన్ చేసి చెప్పాను. మావాడే పెడుతున్నాడండీ, అంది.